బాపు కాచిన కషాయం

రక్తం తీసే ముందు మనిషి చేతికి రబ్బరు పట్టీ బిగించడం నాకు కళ్లు మూసుకుని చేసే పని. మంచిర్యాలలో ఒక ప్రైవేటు ల్యాబులో ఏళ్ల తరబడి అదే నా ఉద్యోగం. ఒక చలికాలం పొద్దున ఆ పట్టీ నా వేళ్ల మధ్య నుంచి జారి కింద పడింది. ఇంకొకటి తీసుకున్నాను. అదీ బిగియలేదు. చెయ్యి చాపుకుని కూర్చున్న ముసలమ్మ నా ముఖంలోకి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. సూది పట్టుకోబోయేది నేనే కదా, ఆమె భయంలో తప్పు లేదు.

అప్పటికి కొన్ని వారాలుగా పొద్దున లేవగానే వేళ్లు మడత పడటం లేదు. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి, టీ గిన్నె దించడానికి కూడా ఆలోచించుకోవాల్సి వచ్చేది. చన్నీళ్లలో బట్టలు ఉతకడం వల్లనేమో అనుకుంటూ వచ్చాను. ఆ రోజు నాతో పనిచేసే అమ్మాయి చేత నా రక్తం తీయించి, నేనే మిషన్లో పెట్టాను. కాగితం బయటికి రాకముందే ఏం వస్తుందో సగం తెలుసు. కీళ్లవాతం. మామూలుగా వయసు మీద పడి వచ్చేది కాదు, ఒంట్లోని కాపలా వ్యవస్థే దారి తప్పి సొంత కీళ్ల మీద పడే రకం.

కరీంనగర్‌లో కీళ్ల డాక్టరు ఉన్నాడని తెలిసి, మా ఆయనా నేనూ వెళ్లాం. డాక్టరు నెమ్మదస్తుడు. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదని, కానీ అదుపులో ఉంచితే చేతులు చెడిపోకుండా చూసుకోవచ్చని చెప్పాడు. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన గోలీ ఒకటి రాసి, దాన్ని పొరపాటున కూడా రోజూ వేసుకోవద్దని రెండుసార్లు హెచ్చరించాడు. అది లివర్ మీద భారం వేయవచ్చు కాబట్టి నెలనెలా పరీక్ష చేయించుకోమన్నాడు. పరీక్ష చేసేదే నేను కనక ఆ మాటకు పెద్దగా భయపడలేదు.

భయపడింది మా బాపు, మా నాన్న.

మేం ఉండేది బొగ్గు గనుల కాలనీలో, కంపెనీ క్వార్టర్లో. మా ఆయన బొగ్గు బాయిలో ఎలక్ట్రీషియన్, షిఫ్టుల ప్రకారం వెళ్లి వస్తుంటాడు. బాపు కూడా ఒకప్పుడు బొగ్గు కోసినవాడే. రిటైరయ్యాక చెన్నూరు దగ్గర సొంతూరికి వెళ్లి అవ్వతో, అంటే మా అమ్మతో, ఉన్నాడు. అవ్వ పోయాక నా దగ్గరికి వచ్చేశాడు. అవ్వకు మోకాళ్ల నొప్పులు. మెడికల్ షాపులో అడిగి నొప్పి గోలీలు తెచ్చుకుని ఏళ్లకేళ్లు మింగింది. చివరికి కిడ్నీలు పాడయ్యాయి. ఆమెను తీసుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగింది బాపే. అప్పటి నుంచి ఇంట్లో ఎవరి చేతిలో గోలీ కనిపించినా ఆయన ముఖం మారిపోయేది.

నా మందుల సంచి చూసి ఆ రోజు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. కాసేపటికి వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు.

"గోలీలు మింగి మింగి మీ అవ్వ పోయింది బిడ్డా. నువ్వు గూడ గదే తొవ్వ పట్టినవా?"

ఇవి అవి కావని, ఇవి వేసుకోకపోతేనే చేతులు వంకర్లు పోతాయని చెప్పాను. విన్నాడు. కానీ నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

మా క్వార్టరు వెనక వేపచెట్టు మీదికి తిప్పతీగ దట్టంగా పాకి ఉంది. కరోనా రోజుల్లో కాలనీలో సగం మంది దానికోసం మా ఇంటికి వచ్చారు. బాపుకు ఆ జ్వరం వచ్చి పోయింది కూడా. తనను నిలబెట్టింది ఆ తీగేనని ఆయన గట్టి నమ్మకం. నా జబ్బు తెలిసిన వారం లోపలే ఆయన పొయ్యి దగ్గర చేరాడు. వేలెడు మందం తీగ ముక్కలు కోసి, రాతి మీద చితక్కొట్టి, నాలుగు మిరియాలు వేసి, నీళ్లు సగానికి ఇంకేదాకా మరిగించేవాడు. ఇల్లంతా పచ్చి చేదు వాసన. ఒకే గిన్నెలో కాచి రెండు గ్లాసుల్లో పోసేవాడు, ఒకటి నాకు, ఒకటి తనకు. నేను తాగేదాకా తనది ముట్టుకునేవాడు కాదు.

ఎందుకు తాగానంటే, ఆయన చెయ్యగలిగింది అదొక్కటే కనక. అవ్వ విషయంలో తాను చూస్తూ ఊరుకున్నానని ఆయనకొక బాధ ఉంది. పొద్దున్నే గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని వద్దనడం నా వల్ల కాలేదు. పైగా అది మందు అని నేనెప్పుడూ అనుకోలేదు. పసుపు పాలు, శొంఠి కాఫీ లాంటిదే అనుకున్నాను.

మొదటి రెండు మూడు నెలలు బాగా గడిచాయి. పొద్దుటి బిగుతు తగ్గింది. పట్టీ కట్టగలిగాను. సూది చక్కగా పడుతోంది. డాక్టరు తన గోలీ పనిచేసిందన్నాడు, బాపు తన కషాయం పనిచేసిందన్నాడు. మా ఆయన ఇద్దరికీ తలూపాడు. ఎండలు ముదిరేసరికి నాకు అన్నం చూస్తే వికారం మొదలైంది. బస్సు దిగి ల్యాబు దాకా నడవడానికే కాళ్లు పీకేవి. ఎండ దెబ్బ అనుకున్నాం. నెల పరీక్షలో లివర్ అంకెలు ఉండాల్సినదానికన్నా పెరిగి కనిపించాయి. డాక్టరుకు ఫోన్ చేస్తే వారం గోలీ వెంటనే ఆపెయ్యమన్నాడు. అది ఆపితే తగ్గుతుందని, మళ్లీ పరీక్ష చేసి పంపమని చెప్పాడు.

లివర్ మాట వినగానే బాపు ముఖంలో ఒక వెలుగు లాంటిది కనిపించింది. తాను ముందే చెప్పలేదా అన్నట్టు. గోలీల విషం కడిగెయ్యాలంటే కషాయం పెంచాలన్నాడు. ఆ రోజు నుంచి పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు.

గోలీ ఆపాక అంకెలు తగ్గాలి. తగ్గలేదు. మరుసటి పరీక్షలో ఇంకా పెరిగాయి. మిషన్ తప్పు చూపిస్తోందేమోనని దాన్ని సరిచూసి, ఇంకో మనిషి రక్తం పెట్టి చూశాను. మిషన్ బాగానే ఉంది. వేళ్ల నొప్పులు కూడా మళ్లీ తలెత్తుతున్నాయి, ఎందుకంటే వాటిని ఆపుతున్న గోలీ ఇప్పుడు లేదు. రెండు వైపుల నుంచీ ఒకేసారి ఏదో మూసుకు వస్తున్నట్టుండేది. ఇంట్లో ఎవరికీ అంకెలు చెప్పలేదు. చెప్తే బాపు ఇంకో గ్లాసు పోస్తాడు, మా ఆయన షిఫ్టు మానేసి కూర్చుంటాడు.

ఆ తర్వాతి పరీక్ష నాకు బాగా గుర్తు. రక్తం ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పితే ఎర్రది కిందికి దిగిపోయి పైన సీరం తేలుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిది లేత గడ్డి రంగులో ఉంటుంది. మూత తీసి ట్యూబులు వరసగా స్టాండులో పెడుతుంటే ఒకదాని దగ్గర నా చెయ్యి ఆగింది. అది ఆవనూనె రంగులో ఉంది. అలాంటి ట్యూబులు నా ఉద్యోగంలో చాలా చూశాను. చూసినప్పుడల్లా ఎవరిదో పాపం అనుకుంటూ పేరు చదివేదాన్ని. ఈసారి చదవనక్కర లేకపోయింది. దాని మీద పేరు రాసింది నేనే.

నాతో పనిచేసే అమ్మాయి పక్కకొచ్చి ట్యూబు చూసి, తర్వాత నా కళ్లు చూసింది. అద్దం దగ్గరికి తీసుకెళ్లి కింది రెప్ప లాగి చూపించింది. తెల్లగుడ్డు పసుపెక్కి ఉంది. ల్యాబులో ఆ ట్యూబు లైట్ల కింద అంతమంది కళ్లు చూసిన నాకు, నా కళ్లు మాత్రం కనబడలేదు.

మర్నాడు బాపూ నేనూ కరీంనగర్ బస్సెక్కాం. మా ఆయనకు సెలవు దొరకలేదు, షిఫ్టు దిగి నేరుగా వస్తానన్నాడు. దారంతా బాపు కిటికీ పక్కన కూర్చున్నాడు. గోదావరి వంతెన మీద అలవాటుగా చేతులు జోడించాడు. ఆ చేతులు ఇంకా దింపలేదని వంతెన దాటాక చాలాసేపటికి గమనించాను.

డాక్టరు కాగితాలన్నీ వరసగా పరిచి చూశాడు. గోలీ ఆపిన తేదీ మీద వేలు పెట్టి, అక్కడి నుంచి అంకెలు కిందికి రావాలి కదా అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తాగుడు అలవాటు ఉందా, జ్వరం వచ్చిందా, ఎక్కడైనా రక్తం ఎక్కించుకున్నావా అని అడిగాడు. అన్నిటికీ లేదన్నాను. చివరికి ఇంకేమన్నా మందులు, నాటుమందులు వాడుతున్నావా అన్నాడు. నేను లేదని చెప్పబోతుండగా బాపు ముందుకు జరిగాడు.

"ఏం లేవు సార్, మీరు రాసిన గోలీలే. ఇంట్ల నేను కషాయం కాసి పోస్తున్న. గందుకే గీ మాత్రమన్న నిలబడ్డది."

డాక్టరు రాయడం ఆపాడు. "ఏం కషాయం బాపూ?"

"తిప్పతీగ సార్. యాపచెట్టు మీదికి పాకింది. గదే మంచిదంటరు."

ఎప్పటి నుంచి అని డాక్టరు అడిగాడు. ఎండాకాలం రాకముందు నుంచి అని, లివర్ బాగాలేదని తెలిశాక రెండు పూటలు చేశానని బాపు చెప్పాడు. చెప్తున్నకొద్దీ డాక్టరు ముఖం చూసి ఆయన గొంతు తగ్గిపోయింది. చివరికి, తాను కూడా రోజూ అదే తాగుతున్నానని, ఒకే గిన్నెలో కాచిందేనని, తనకేమీ కాలేదని అన్నాడు.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే బాపుకు సులువుగా ఉండేదేమో. కుర్చీ ఆయన వైపు తిప్పుకుని, చిన్నగా చెప్పాడు.

"మీకేం కాలేదంటే నమ్ముతాను. మీ ఒళ్లు వేరు, ఆమె ఒళ్లు వేరు. రోగాన్ని తట్టుకునే శక్తి పెరుగుతుందనే కదా మీరు తాపింది. ఆమెకు వచ్చిన రోగమే ఆ శక్తి తిరగబడటం. కీళ్ల మీద పడ్డది ఇప్పుడు లివర్ మీద పడ్డట్టుంది."

బాపు బల్ల మీది నా కాగితాల వంక చూశాడు. తర్వాత అడిగాడు.

"అంటే సార్, నేను రోగానికి బలం పోసిన్నా?"

ఖాయంగా అదేనని తాను ఇప్పుడే చెప్పలేనని, తాను రాసిన గోలీ వల్ల కూడా కావచ్చని, రెండూ కలిసి చేసి ఉండవచ్చని డాక్టరు అన్నాడు. కానీ ఆ తీగ తాగి ఇలా లివర్ దెబ్బతిన్నవాళ్లను తాను చూశానని, అందులోనూ ఇలాంటి జబ్బు ఉన్నవాళ్లకు అది అస్సలు మంచిది కాదని చెప్పాడు. ఇవాళ్టి నుంచి చుక్క కూడా వద్దన్నాడు. వెంటనే పక్క వీధిలోని లివర్ ఆస్పత్రిలో చేరమని చీటీ రాసిచ్చాడు.

ఆస్పత్రిలో నా చేతి నుంచి రక్తం తీసిన నర్సు చిన్నపిల్ల. దూది పెట్టి చెయ్యి మడిచి పట్టుకోమంది. నేను రోజూ అందరికీ చెప్పే మాటే. మామూలుగా కాసేపట్లో ఆగిపోతుంది. దూది తీసి చూశాను, ఇంకా కారుతోంది. కొత్త దూది పెట్టి నొక్కాను. అదీ ఎర్రబడింది. అప్పుడు నిజంగా భయమేసింది. లివర్ బాగా దెబ్బతింటే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమవుతోందో కొలిచే పరీక్ష ఒకటుంది. కామెర్ల అంకె కన్నా ఆ అంకె ముఖ్యం. అది ఒక హద్దు దాటితే మాట మారిపోతుంది. అప్పుడు మందుల సంగతి కాదు, లివర్ మార్చడం గురించి మాట్లాడతారు. ఈ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. పక్కన స్టూలు మీద కూర్చున్న బాపుకు దూది ఎందుకు మారుస్తున్నానో తెలియదు. చేతిని దుప్పటి కింద పెట్టుకుని నొక్కుతూ కూర్చున్నాను.

రిపోర్టు మధ్యాహ్నానికి వస్తుందన్నారు. ల్యాబులో అలాంటి నమూనా ఎంతసేపట్లో అవుతుందో నాకు తెలుసు. ఆ సమయం దాటిపోయింది. ఆలస్యమైతే దానికి రెండే అర్థాలు. మిషన్ దగ్గర వరస ఉండాలి, లేదా అంకె నమ్మబుద్ధి కాక మళ్లీ చేస్తూ ఉండాలి. నేనైతే అలాగే చేస్తాను. ఎవరి చెప్పుల చప్పుడు వినబడినా తలుపు వైపు చూసేదాన్ని.

మా ఆయన వచ్చాడు. మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చినా చెవుల మడతల్లో బొగ్గు నలుపు మిగిలే ఉంది. ఏమన్నారని అడిగాడు. రిపోర్టు రావాలన్నాను. ఇంకేం అడగకుండా నా కాళ్ల దగ్గర మంచం అంచున కూర్చుని, దుప్పటి మీద నుంచే నా పాదం పట్టుకున్నాడు. బాపు లేచి బయటికి పోయాడు.

లివర్ డాక్టరు సాయంత్రం రౌండుకు వచ్చినప్పుడు కాగితం ఆయన చేతిలోనే ఉంది. ఆయన మాట్లాడకముందే అంకె చెప్పమన్నాను. ల్యాబులో చేస్తానని చెప్పాక కాగితం నా చేతికే ఇచ్చాడు. హద్దు దాటలేదు. హద్దుకు దగ్గర్లో ఉంది. రోజూ చేస్తామని, రేపు పెరిగితే హైదరాబాద్ పంపిస్తామని అన్నాడు.

బాపు వరండాలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడని మా ఆయన చెప్పాడు. టీ తెచ్చిస్తే తాగలేదట, ఇంటికి పోదామంటే రాలేదట. మర్నాడు పొద్దున నేను మెల్లగా లేచి తలుపు దాకా నడిచాను. అక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. నేనే పక్కన కూర్చున్నాను.

"మీ అవ్వకు నేనేం జెయ్యలే. నీకు చేసిన. రెండూ ఒక్కటే అయినయ్ బిడ్డా."

నీ తప్పేం లేదని అంటే అబద్ధమనిపించింది, ఉందని అనలేను. డాక్టరు ఖాయంగా చెప్పలేదు కదా బాపూ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. బాయిలో కప్పు కూలిన రోజు గురించి చిన్నప్పుడు ఆయన చెప్పేవాడు, పైకి చూస్తే దుమ్ములో ఏమీ కనపడదని, ఎటు పరిగెత్తాలో తెలియక ఉన్నచోటనే నిలబడిపోతామని. ఆ వరండాలో ఆయన అలాగే ఉన్నాడు.

రెండో రోజు అంకె పెరగలేదు. మూడో రోజు కొద్దిగా తగ్గింది. లివర్ ముక్క తీసి పరీక్షకు పంపారు. ఒంట్లోని కాపలా వ్యవస్థే లివర్ మీద పడ్డ లక్షణాలు అందులో కనిపించాయని, దాన్ని ఏది రెచ్చగొట్టిందో ముక్క చూసి తేల్చలేమని చెప్పారు. స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ముఖం ఉబ్బింది, ఆకలి విపరీతంగా పెరిగింది, ఊరికే కోపం వచ్చేది. అయినా కళ్లలో పసుపు దిగిపోతూ వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు లివర్ డాక్టరు ఆకు అయినా, పొడి అయినా, ఎంత సహజమైనది అయినా, తనను అడక్కుండా నోట్లో పెట్టుకోవద్దన్నాడు. అది బాపును చూసి అన్న మాట.

ఇంటికొచ్చాక బాపు పొయ్యి దగ్గరికి రావడమే మానేశాడు. తన గ్లాసు కూడా మానేశాడు. నన్ను చూడగానే చూపు పక్కకు తిప్పుకునేవాడు. కషాయం తాగించినప్పటి కన్నా ఆ మౌనం ఎక్కువ భారంగా ఉండేది.

స్టెరాయిడ్ మోతాదు తగ్గిస్తూ వచ్చేకొద్దీ అణిగి ఉన్న కీళ్లు లేచాయి. ఇంతకుముందు ఎప్పుడూ అంతలా లేవలేదు. మణికట్లు ఉబ్బి ఎర్రగా వేడెక్కేవి. నీళ్ల చెంబు ఎత్తలేకపోయేదాన్ని. మా ఆయన నాకు జడ వెయ్యడం నేర్చుకున్నాడు. ల్యాబుకు సెలవు పెట్టాను. కొత్త మందు ఏది ఇవ్వాలో ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుంటున్నారు, లివర్ ఇంకొంచెం కోలుకోవాలని ఆగుతున్నారు. ఆ ఆగే రోజుల్లో నొప్పికి నేను బయటికి వినపడేలా మూలిగాను. గోడ అవతల బాపు వింటున్నాడని తెలిసినా ఆపుకోలేకపోయాను.

ఒక రోజు ఆయన చెప్పకుండా పొద్దున్నే బయల్దేరాడు. సాయంత్రం వచ్చాడు. చేతిలో నల్ల కవరు. ఉట్నూర్ వారపు అంగడికి పోయి వచ్చానన్నాడు. అక్కడ ఒకడు వ్యాను మీద మైకు పెట్టి వాతం మందు అమ్ముతున్నాడట. ఆ ప్రాంతపు మనిషి కాడు, ఎక్కడి నుంచో వస్తాడట. వేసుకున్న వారంలో మంచం మీది మనిషి లేచి నడుస్తాడని చెప్పాడట. కవర్లో చిన్నచిన్న పొట్లాలు, లోపల గోధుమరంగు పొడి.

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆస్పత్రిలో ఏం విన్నావని అడిగాను. ఆయన గోడకు ఆనుకుని నిలబడి, పొట్లాలు చేతిలోనే పట్టుకుని అన్నాడు.

"నువ్వు గట్ల మూలుగుతుంటే నేనెట్ల కూసోవాలె? కూసునుడు నాతోని కాదు."

కవరు కిటికీలో పెట్టి బయటికి వెళ్లిపోయాడు. నేను చాలాసేపు దాని వంక చూశాను. ఒక పొట్లం విప్పాను కూడా. శొంఠి వాసన వచ్చింది. అలాంటి పొడులు తిని తెల్లారేసరికి నొప్పి మాయమై, కొన్ని నెలలకు ముఖం ఉబ్బి, షుగర్ పెరిగి మా ల్యాబుకు వచ్చినవాళ్లను చూశాను. పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుందని డాక్టర్లు అనేవాళ్లు. అదంతా తెలుసు. తెలిసీ, ఆ నొప్పిలో, ఒక్క చిటికెడు వేసుకుంటే రేపు పొద్దున వేళ్లు ముడుచుకోగలనేమో అనిపించింది. నాలుక మీద పెట్టుకునేదాన్నేమో కూడా. పొట్లం మూతి వేళ్లతో పట్టుకోలేక పొడి సగం ఒళ్లో పడింది. దాంతో తెలివి వచ్చింది.

కీళ్ల డాక్టరుకు పొట్లం ఫోటో పంపాను. ఆయనే ఫోన్ చేశాడు. అందులో ఏముందో అమ్మినవాడికి కూడా తెలియకపోవచ్చని, పారెయ్యమని అన్నాడు. ఫోన్ బాపుకు ఇమ్మన్నాడు. వాళ్లిద్దరి మాటల్లో ఇటువైపువే నాకు వినిపించాయి. బాపు మొదట "ఆ సార్, ఆ సార్" అంటూ ఉన్నాడు. తర్వాత ఒక్కసారిగా అడిగాడు.

"మరి నేను ఏం జెయ్యాలె సార్? ఏదన్న ఒక్కటి చెప్పున్రి. లోపలికి పోనిది."

వావిలాకు దొరుకుతుందా అని డాక్టరు అడిగాడట. ఆ ఆకు నీళ్లలో మరిగించి, గోరువెచ్చగా అయ్యాక చేతులు ముంచి ఉంచితే బిగుతుకు కొంత హాయిగా ఉంటుందని, జబ్బును అది తగ్గించదు కానీ చెడు చెయ్యదని, చర్మం మంట పుడితే మానేయమని చెప్పాడట. కాలనీ దాటాక వాగు ఒడ్డున వావిలి పొదలు ఉన్నాయి. మర్నాడు పొద్దున వెనక పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద గిన్నె ఉడుకుతూ కనిపించింది. నీళ్లను తన మోచేత్తో ముట్టుకుని చూసి, చల్లార్చి, మళ్లీ చూసి, అప్పుడు నా చేతులు పట్టుకుని లోపలికి దించాడు. ఘాటైన ఆకు వాసన. వేళ్లు నెమ్మదిగా వదులయ్యాయి. కాసేపే. కానీ ఆ కాసేపట్లో జాకెట్టు హుక్కులు పెట్టుకోగలిగాను.

కొత్త మందు వర్షాలు పడ్డాక మొదలైంది. లివర్‌కు సరిపడేదని ఇద్దరు డాక్టర్లూ ఒప్పుకున్నది. పనిచెయ్యడానికి నెలలు పట్టింది. ఇప్పుడు నేను మళ్లీ ల్యాబుకు వెళ్తున్నాను. ఎడమ చేతి చూపుడు వేలు పూర్తిగా ముడుచుకోదు, దానితో పని నేర్చుకున్నాను. స్టెరాయిడ్ చిన్న మోతాదులో ఇంకా ఉంది. నెలనెలా నా ట్యూబు తిరుగుతుంటే ఇప్పటికీ నేను దూరంగా వెళ్లి నిలబడతాను, మూత తీసేది నాతో పనిచేసే అమ్మాయే.

పోయిన నెల, వెనక వరస క్వార్టర్లలోకి కొత్తగా వచ్చిన ఒకామె తిప్పతీగ కోసం వచ్చింది. వాళ్ల కోడలికి ముఖం మీద ఎర్రటి మచ్చలు, కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం. అదీ నా జబ్బు లాంటి రకమే కావచ్చు. హైదరాబాద్‌లో మందులు వాడుతోందట. ఎవరో ఈ తీగ చెప్పారట. బాపు తీగ వైపు కూడా చూడకుండా, ఆ పిల్లకు ఏం రోగమని రాశారో, ఏ మందులు వేసుకుంటోందో అడిగాడు. ఆమెకు కోపం వచ్చింది. తీగ అడిగితే ఇన్ని ప్రశ్నలా అంది. ఇవ్వనన్నాడు. తీగకు కరువా, వాగు దగ్గర బోలెడంత ఉందంటూ ఆమె వెళ్లిపోయింది.

బాపు అన్నం తినలేదు. అరుగు మీద కూర్చుంటూ, లేస్తూ ఉన్నాడు. చివరికి చొక్కా వేసుకుని వెనక వరసకు నడిచాడు. ఆయన్ను ఏమంటారోనని నేనూ వెనకాలే వెళ్లాను. ఆమె గుమ్మంలోనే ఉంది, లోపలికి రమ్మనలేదు. కోడలు తలుపు పక్కన నిలబడి ఉంది, పాతికేళ్లు కూడా ఉండవు. బాపు మెట్టు కిందే నిలబడి, ఆ పిల్ల వైపు చూసి చెప్పాడు.

"నా బిడ్డకు నేనే కాసి తాపిన. మంచిదే అనుకున్న. పానం మీదికొచ్చింది. నీ డాక్టర్ను అడుగు బిడ్డా, వద్దంటే ముట్టకు. అడగకుంట మాత్రం తాగకు."

ఆ మాట ఆయన బయటివాళ్లతో అనడం నేను వినడం అదే మొదలు. కోడలు నా చేతుల వంక చూసింది, తర్వాత నన్ను పక్కకు పిలిచి నేను చూపించుకున్న డాక్టరు ఎక్కడ ఉంటాడని అడిగింది. చెప్పాను. వచ్చేటప్పుడు బాపు నా కన్నా ముందు నడిచాడు. ఇల్లు చేరగానే ఆకలేస్తోందన్నాడు.